పదహారేళ్ల వయసులో తప్పు ఖరీదు ఎందుకు పెరిగింది?

"ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదండీ. అంతా ఆ ఫోన్ వల్లే." పిల్లలు ఒక్క తప్పుకే ఎందుకు కుంగిపోతున్నారని పాలకొల్లు బస్టాండ్‌లో టీ తాగుతూ అడిగినా, అమలాపురంలో ఏ కాలేజీ స్టాఫ్ రూమ్‌లో అడిగినా, లంక ఊళ్లో రామాలయం అరుగు మీద అడిగినా జవాబు ఇదే. ఫోన్ ప్రమేయం లేదని ఎవరూ అనరు. కానీ ఈ జవాబుతో పెద్దవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నెపం ఫోన్ మీదికి తోసేస్తే ఫీజు ముందే పట్టుకున్న కాలేజీ, అప్పు తెచ్చి కట్టిన నాన్న, పరువు గురించి మాట్లాడే బంధువులు అందరూ బయటపడిపోతారు.

ఆ వయసులో తప్పులు చేయడం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. పరీక్ష తప్పడం, పక్కూరి అమ్మాయికి ఉత్తరం రాయడం, కాలవ గట్టు మీద పేకాట, తీర్థంలో కొట్లాట అన్నీ ఎప్పటినుంచో ఉన్నవే. పదో తరగతి పోతే ఇంట్లో నాలుగు తిట్లు తిని, మార్చి పోతే సెప్టెంబర్ అనుకుని, ఈలోగా మావయ్య రైస్ మిల్లులో లెక్కలు రాసి, మళ్లీ పరీక్ష కట్టేవారు. పెళ్లినాటికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పటి పిల్లలు చేసే తప్పులూ దాదాపు అవే. వాటి ఖరీదు మాత్రం విపరీతంగా పెరిగింది. ఒక్కో తప్పు ధర ఎవరు, ఎలా పెంచారో విడిగా చూస్తే ఈ చిక్కుముడి కొంత విడుతుంది.

ముందే కట్టేసిన ఫీజు

డెల్టాలో పొలం చేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు. ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు కొలిచి, ఎరువుల కొట్లో బాకీ తీర్చాక మిగిలేది తక్కువ. సొంత పొలం ఉన్న ఇళ్లలోనూ పంపకాలయ్యాక ఒక్కొక్కరి వాటా ఎకరం, అరెకరానికి వచ్చింది. ఆ ముక్క తన కొడుకును పోషించదని తండ్రికి తెలుసు. అందుకే పొలం మీద పెట్టాల్సిన ఆశంతా ర్యాంకు మీద పెట్టాడు. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. కుటుంబం ఒక మెట్టు పైకెక్కాలంటే చాలా ఇళ్లకు కనిపిస్తున్న దారి అదొక్కటే.

పదో తరగతి పరీక్షలు అవకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొస్తారు. ఇప్పుడే అడ్వాన్స్ కడితే కన్సెషన్ అంటారు. హాస్టల్‌తో కలిపి రెండేళ్ల ఇంటర్ పూర్తయ్యేసరికి ఖర్చు లక్షల్లోకి పోతుంది. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు ఆరు వేలు, రెండేళ్లకు వడ్డీయే 1,44,000. ఈ లెక్కలు పిల్లలకు తెలియవనుకుంటాం. శుభ్రంగా తెలుసు. నోటు రాస్తున్నప్పుడు కుర్రాడు పక్కగదిలోనే ఉన్నాడు. అమ్మ మెడలో నానుతాడు ఎందుకు కనిపించట్లేదో కూడా వాడికి తెలుసు.

హాస్టల్లో తెల్లారి ఐదింటికి బెల్లు కొడితే రాత్రి పదింటి దాకా స్టడీ అవరే. వారం వారం పరీక్ష, దాని మార్కులు సాయంత్రానికి ఇంటికి మెసేజ్. మార్కులను బట్టి సెక్షన్లు విడదీస్తారు. పై బ్యాచ్‌కి స్టార్ అనో సూపర్ అనో ఒక పేరు, మంచి లెక్చరర్లు. మార్కులు తగ్గితే పుస్తకాలు సర్దుకుని అందరూ చూస్తుండగా కింది సెక్షన్‌కు నడవాలి. జిల్లా పరిషత్ స్కూల్లో ఎప్పుడూ ఫస్ట్ వచ్చిన పిల్లాడికి తను ఫస్ట్ కాదని మొదటిసారి తెలిసేది ఇక్కడే. అదీ ఇంటికి వంద కిలోమీటర్ల అవతల, నెలకోసారి ఔటింగ్ తప్ప మనసు విప్పి మాట్లాడే మనిషి లేనిచోట.

ఇక ఫలితాలు. 2024లోనూ 2025లోనూ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12నే వచ్చాయి. డెల్టాలో అవి రెండో పంట దాళ్వా కోతల రోజులు, చేసిన అప్పులన్నీ గుర్తొచ్చే రోజులు కూడా. ఒకప్పుడు పేపర్లో నంబరు వెతుక్కునేవారు. ఆ పేపరు మడతపెట్టి దాచుకుని, చెప్పాల్సినవాళ్లకు చెప్పాల్సినప్పుడు చెప్పుకునే వీలుండేది. 2025లో ప్రభుత్వం మనమిత్ర అనే తన వాట్సాప్ సేవలోనే ఫలితాలు చూసుకోనిచ్చింది. సౌకర్యమే, కాదనను. కానీ హాల్‌టికెట్ ఫొటో ముందే ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఇంట్లో, పిల్లాడి కంటే ముందు దుబాయ్‌లో ఉన్న బాబాయికి మార్కులు తెలిసిపోతాయి. తలుపేసుకుని ఏడవడానికి ఒక అరగంట కూడా దొరకదు.

నిజానికి ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోవడం ఇప్పుడు ఇదివరకటికంటే చిన్న సంగతి. సప్లిమెంటరీ పరీక్షలు మే నెలలోనే మొదలవుతాయి, పాసైతే ఏడాది వృథా కాదు. పది తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్తున్నారు. ఏదీ కుదరకపోతే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చు. ఇన్ని దారులుండగా పిల్లలు అంతలా ఎందుకు భయపడతారంటే, ఇంట్లో లెక్క ఏడాది గురించి కాదు, కట్టేసిన డబ్బు గురించి. బైపీసీలో చేరిన రెండు నెలలకే "నాకిది పడట్లేదు నాన్నా" అన్న అమ్మాయికి వచ్చే జవాబు ఏమిటి? "ఫీజు కట్టేశాం కదమ్మా." అక్కడితో ఆ మాట అయిపోతుంది, ఆ అమ్మాయి మళ్లీ ఎత్తదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇవన్నీ పరీక్షల వల్లేనని రాసేస్తే తప్పవుతుంది. కుటుంబ గొడవలు, ప్రేమ వ్యవహారాలు, అనారోగ్యం అన్నీ ఆ లెక్కలో కలిసే ఉంటాయి. ఒక పిల్లాడి విషయంలోనే ఈ కారణాలు రెండు మూడు కలిసి ఉండొచ్చు. ఫలితాల మర్నాడు పేపర్లో "మార్కులు తక్కువొచ్చాయని" అని ఒకే వాక్యంలో తేల్చేయడం వల్ల, ఆ ముందు రెండేళ్లు ఏం జరిగిందో ఎవరూ అడగరు.

కార్పొరేట్ హాస్టల్ మొహం చూడని పిల్లలూ ఉన్నారు. ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదువుతూ, రాత్రుళ్లు రొయ్యల చెరువు మీద నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా కాపలా కాసే కుర్రాడిని ర్యాంకు గురించి ఎవరూ అడగరు. అతని ఒత్తిడి గురించి వార్త కూడా రాదు.

అమ్మ కువైట్‌లో, కూతురు రాజోలులో

రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. పెంకుటిల్లు పోయి డాబా లేచిందంటే దాని వెనక తరచూ ఒక తల్లి కువైట్ వంటగది ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. యజమాని ఇంట్లో అందరి భోజనాలు అయ్యి, గిన్నెలు కడిగి, వాళ్ల చంటిపిల్లలను పడుకోబెట్టి, తన గదిలోకి వచ్చేసరికి ఆ తల్లికి రాత్రి పదకొండు. మనకు ఒకటిన్నర. వీడియో కాల్ వచ్చేది అప్పుడే. ఎత్తేది పెద్దకూతురు, పదో తరగతి. తమ్ముడు బడికెళ్లాడా? నాన్న తాగొచ్చాడా? చిట్టీ కట్టావా? శ్లాబుకు సిమెంటు ఎన్ని బస్తాలు పట్టింది? అమ్మమ్మ బీపీ బిళ్లలు వేసుకుంటోందా? చివర్లో "బాగా చదువుకుంటున్నావా తల్లీ?" మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ పిల్ల తల వాల్చేస్తుంది. "రాత్రంతా ఫోనే" అంటారు టీచర్. అబద్ధమేమీ కాదు.

ఇలాంటి ఇంట్లో ఫోన్ ఏడో తరగతి, ఎనిమిదో తరగతి నుంచే పిల్ల చేతికి వస్తుంది. ఏటీఎం కార్డు, ఓటీపీ, గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు అన్నీ ఆమెవే. బాధ్యతలు నలభై ఏళ్ల ఇల్లాలివి, హక్కులు మాత్రం పదిహేనేళ్ల పిల్లవి కూడా కావు. ఎందుకంటే ఆమె ఏ చిన్న పొరపాటు చేసినా "తల్లి దగ్గర లేకపోతే ఇంతే" అన్న మాట వెళ్లి కువైట్‌లో తగులుతుంది. రెండేళ్ల అగ్రిమెంటు మధ్యలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోనిదే ఆ తల్లి విమానం ఎక్కడం కష్టం. అది తెలిసిన పిల్ల తన కష్టం ఏదీ ఫోన్‌లో చెప్పదు.

అలా అన్నీ దాచుకోవడం అలవాటైన పిల్లనే బెదిరించడం సులువు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవాడు అడిగాడని ఒక ఫొటో పంపడం, లేదా పంపకపోయినా మామూలు ఫొటోనే మార్ఫింగ్ చేసి "మీ వాళ్లకు పంపిస్తా" అనడం. ఇక్కడ సాయం అందుబాటులోనే ఉంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల ఫొటోలకు సంబంధించిన ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్ల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ ఫొటోకు ఒక కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలకు వెళ్తుంది. ఆ ఫొటో ఎక్కడైనా కనిపిస్తే వాళ్లు గుర్తుపట్టి తీసేస్తారు.

ఇవేవీ వాడకపోవడానికి కారణం అమ్మాయిలను అడిగితే ఒక్కటే చెబుతారు: "ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు." బెదిరించేవాడు అడిగే ధర కంటే ఇంట్లోవాళ్లకు చెబితే పడే ధర ఎక్కువన్నమాట. బ్లాక్‌మెయిల్ చేసేవాడి వ్యాపారం నడిచేదే ఆ తేడా మీద.

పదిహేడేళ్ల ప్రేమ, పదేళ్ల శిక్ష

అమ్మాయికి పదిహేడు, అబ్బాయికి పందొమ్మిది. ఇంట్లో తెలిసింది, సంబంధాలు చూడటం మొదలైంది, ఇద్దరూ ఒక తెల్లవారుజామున రాజమండ్రి బస్సెక్కేశారు. ఇలాంటి కథ తెలియని ఊరు ఉండదు. ఆ తర్వాత చట్టం ఎలా నడుస్తుందో మాత్రం చాలామందికి తెలియదు, ముఖ్యంగా బస్సెక్కిన ఇద్దరికీ.

పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ల ఇష్టానికి విలువ లేదు. నేనే వెళ్లానని అమ్మాయి స్టేషన్‌లో ఎంత మొత్తుకున్నా కేసు ఆగదు. 2019 సవరణ తర్వాత, శారీరక సంబంధం జరిగితే పడే లైంగిక దాడి సెక్షన్ కింద కనీస శిక్ష పదేళ్లు, అమ్మాయికి పదహారేళ్లలోపైతే ఇరవై ఏళ్లు. ఇంట్లోంచి తీసుకెళ్లినందుకు కిడ్నాప్ సెక్షన్ అదనం. అబ్బాయికీ పద్దెనిమిది నిండకపోతే వ్యవహారం మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. వయసు తేల్చడానికి ముందు చూసేది స్కూల్ రికార్డు, టెన్త్ సర్టిఫికెట్. బడిలో వేసినప్పుడు మాస్టారు అడిగితే తోచిన తేదీ రాయించిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆ తోచిన తేదీ మీద ఒక కుర్రాడి పదేళ్లు ఆధారపడతాయి.

పోక్సో అవసరం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంట్లోనే, బడిలోనే పిల్లలను హింసించేవాళ్లకు ఆ మాత్రం గట్టి చట్టం ఉండాల్సిందే. సమ్మతి వయసు తగ్గించొద్దని 2023లో లా కమిషన్ కూడా చెప్పింది. అయితే పదహారు, పద్దెనిమిది మధ్య వయసువాళ్లు ఇష్టపడి దగ్గరైన కేసుల్లో జడ్జీలకు శిక్ష విషయంలో కొంత విచక్షణ ఇవ్వాలని అదే నివేదికలో సూచించింది. చట్టమైతే ఇప్పటికీ మారలేదు.

మన దగ్గర అసలు చిక్కు వేరేచోట ఉంది. ఇద్దరిదీ ఒకే కులమైతే రెండు కుటుంబాలూ కూర్చుని ముహూర్తం పెట్టేసుకుంటాయి. కులాలు వేరైతేనే పోక్సో గుర్తొస్తుంది. మొదటిదీ నేరమే, బాల్యవివాహం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. మేనమామకో మేనబావకో ఇచ్చేస్తే పెళ్లి అన్నట్టే ఉండదు, అమ్మమ్మ ఇల్లే కదా అంటారు. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం మైనర్‌గా పెళ్లయినవాళ్లు మేజరైన రెండేళ్లలోపు కోర్టుకెళ్లి ఆ పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పేవాళ్లు ఎవరు?

గర్భం వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి కూడా భయమే, డాక్టర్ పోలీసులకు చెప్పి తీరాలి కాబట్టి. మైనర్ కోరితే ఆ రిపోర్టులో ఆమె పేరు, వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ తీర్పు తెలియక నాటు మందుల దాకా పోయినవాళ్లకే ఎక్కువ నష్టం.

ఇక వెళ్లిపోయిన పిల్ల చెల్లించే ధర ఆమెతో ఆగదు. ఆ వీధిలో మిగతా ఆడపిల్లలకూ ఆ నెలలోనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. తప్పు చేయని పిల్ల చదువు కూడా ఆగేది ఇలాగే.

బరి, బాకీ, ఎఫ్ఐఆర్

సంక్రాంతి కోడిపందేలు చట్టప్రకారం నేరం. ఏటా హైకోర్టు చెబుతుంది, పోలీసులు మైకులో చెబుతారు, భోగి మధ్యాహ్నానికి బరి సిద్ధమవుతుంది. పక్కనే గుండాట అనే జూదం. నాన్న భుజాల మీదెక్కి అది చూసిన పిల్లాడికి పందెం తప్పని తర్వాత ఎవరు చెప్పినా ఎక్కదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రాష్ట్రం 2020లో, కేంద్రం 2025 ఆగస్టులో నిషేధించాయి. అయినా ఐపీఎల్ వచ్చిందంటే పేరు మార్చుకున్న యాప్‌ల లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉంటాయి. ఒకప్పుడు పేకాట బాకీ కాలవ గట్టు దాటేది కాదు. ఇప్పుడు నాన్న ధాన్యం డబ్బు పడిన ఖాతాలోంచే యూపీఐలో పోతుంది. అది పూడ్చడానికి లోన్ యాప్, ఆ యాప్‌వాళ్లు కాంటాక్టుల్లో ఉన్న ప్రతి నంబరుకూ పంపే బూతు ఫొటోలు. ఖాతాలో డబ్బు మోసంతో పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తే కొంతైనా ఆపగలరు, కానీ దానికి ముందు నాన్నకు చెప్పాలి.

ఇక 2022 మే 24. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై అమలాపురంలో జరిగిన గొడవల్లో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. వీడియోలు, వాట్సాప్ గ్రూపులు పట్టుకుని పోలీసులు కుర్రాళ్లను వెతికారు. 2023లో ప్రభుత్వం కేసులు ఎత్తేయడానికి నిర్ణయించేదాకా ఆ ఇళ్లలో నిద్రల్లేవు. గల్ఫ్ ప్రయాణమే బతుకుతెరువైన చోట ఎఫ్ఐఆర్‌లో పేరుంటే పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనే చిక్కు. కులం గ్రూపుల్లో రెచ్చగొట్టే మాటలు రాసేది నలభై దాటినవాళ్లు, సెల్ఫీ వీడియోలో మొహం కనిపించేది కుర్రాళ్లది. పద్దెనిమిది నిండనివాళ్ల తప్పు వాళ్ల ఉద్యోగాలకు, పాస్‌పోర్టులకు జీవితాంతం అడ్డు రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం చాలావరకు చూసుకుంది. పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ వెసులుబాటు ఉండదు. ఇంటర్ సెకండియర్ గదిలో ఈ రెండు రకాల వాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు.

అడ్మిషన్ రోజున అడగాల్సింది

చదువు విషయంలో మాత్రం ఈ మధ్య ఒక గట్టి మార్పు వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న ఆ కేసులో కోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ కనీసం ఒక్కరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ 14416 లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో కనిపించేలా రాసి పెట్టాలి. ఆ నంబరుకు రోజులో ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

పీఆర్వో ఇంటికొచ్చి అడ్వాన్స్ అడిగిన రోజే తల్లిదండ్రుల మాట కాస్త చెల్లుబాటయ్యేది, డబ్బు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి. కిందటేడు టాప్ ర్యాంకులెన్ని అన్న ప్రశ్న ఎలాగూ అడుగుతారు. మీ కౌన్సెలర్ పేరేంటి, ఏ గదిలో కూర్చుంటారు, వారం పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా, మా అమ్మాయి రెండు నెలల తర్వాత గ్రూప్ మారతానంటే ఫీజులో ఎంత వెనక్కిస్తారు, ఈ నాలుగూ కూడా అడగండి. నాలుగోదానికి జవాబు రసీదు మీద రాయించుకోండి.